రుజు, రుజువు: చంద్రబండ కాగితాల్లో భూమి, అప్పు, హక్కు

రాయచూరు వైపు కచేరీల్లో ఇచ్చే అర్జీ నమూనాల అడుగున తరచు 'రుజు' అన్న మాట అచ్చయి ఉంటుంది. తెలుగు మాత్రమే ఎరిగిన విద్యార్థి దాన్ని చూడగానే ఇక్కడ ఏదో రుజువు అడుగుతున్నారు, ఏ కాగితం జతచెయ్యాలో అని వెనకాడతాడు. కన్నడంలో రుజు అంటే సంతకం. రెండు మాటలూ ఒకేలా వినిపిస్తాయి, లిపి కూడా దాదాపు ఒకేలా కనిపిస్తుంది, అర్థాలు మాత్రం వేరు. రుజువు అడిగారనుకొని సంతకం మానినవాడికి ఒక రోజు కూలి నష్టం, మళ్లీ రాయచూరు దాకా బస్సు ఖర్చు. సంతకమే కదా అని రుజువు చూడకుండా వేలిముద్ర వేసినవాడికి పోయేది అంతకంటే చాలా ఎక్కువ.

మా పీఠంలో తెలుగు చదువుకోవడానికి వచ్చే సరిహద్దు విద్యార్థులలో పలువురు తమ ఇళ్లలో కచేరీ కాగితాలు చదివిపెట్టే తొలి తరంవారు. పాఠ్యగ్రంథాల్లో ఛందస్సు ఉంది, అలంకారాలు ఉన్నాయి, పహణి లేదు. అందుకని ఈ సంచికలో భూమికీ అప్పుకీ సంబంధించి నిత్యం ఎదురయ్యే కొన్ని మాటలను చంద్రబండను ఉదాహరణగా తీసుకొని వివరిస్తున్నాం. ఇలాంటి మాట ఎదురైనప్పుడు 'దీని అర్థమేమిటి' అన్న ప్రశ్నతో ఆగకుండా, ఈ మాట ఎవరికి ఏ హక్కు ఇస్తున్నది, ఎవరి హక్కు తీస్తున్నది, ఎంతకాలానికి అని అడగాలని మా అభిప్రాయం. నిఘంటువు మొదటి ప్రశ్నకే జవాబు చెబుతుంది.

చంద్రబండ రాయచూరు తాలూకాలో ఒక హోబళి కేంద్రం. కృష్ణా తుంగభద్రల నడుమ ఉన్న అంతర్వేదిలో, తెలంగాణ సరిహద్దుకు దగ్గరగా ఉంది. ఈ అంతర్వేది కోసం బహమనీలూ విజయనగర రాజులూ తరతరాలుగా పోరాడారు. 1520లో రాయచూరు యుద్ధం జరిగింది. తరువాత ఆదిల్‌షాహీల పాలన, మొగలుల పాలన, నిజాము పాలన వచ్చాయి. 1853లో నిజాము ఈ భాగాన్ని ఇంగ్లీషు వారికి అప్పగించవలసి వచ్చింది, 1860లో తిరిగి చేజిక్కింది. 1948 సెప్టెంబరులో హైదరాబాదు సంస్థానం భారతదేశంలో కలిసింది. 1956 నవంబరు 1న రాష్ట్రాల పునర్విభజన జరిగినప్పుడు రాయచూరు జిల్లాలోని ఆలంపురం, గద్వాల తాలూకాలు ఆంధ్రప్రదేశ్‌కు వెళ్లగా తక్కిన జిల్లా మైసూరు రాష్ట్రంలో చేరింది. అది 1973లో కర్ణాటక అయింది.

కాబట్టి ఇక్కడి పాత కుటుంబం పెట్టె తెరిస్తే తాత కాలపు కాగితం ఉర్దూలో, తండ్రి కాలపు కాగితం కన్నడంలో ఉండవచ్చు. ఇంట్లో మాట్లాడేది తెలుగు. గద్వాలలో ఉన్న మేనమామ కాగితాలు తెలుగులో ఉంటాయి. ఒకప్పుడు అందరిదీ ఒకే జిల్లా కనుక మాటలు ఒకటే. 1956 తరువాత మాటలు అవే మిగిలాయి గాని వాటి వెనక ఉన్న చట్టాలు వేరయ్యాయి. చిక్కు ఇక్కడ మొదలవుతుంది.

భాషాశాస్త్ర దృష్టితో చూస్తే ఈ పదజాలంలో మూడు పొరలు కనిపిస్తాయి. అన్నిటికంటే దట్టమైనది అరబ్బీ పారసీ పొర. హక్కు, అసలు, వారసుడు, జప్తు, వకీలు, దావా అరబ్బీ నుంచి వచ్చినవి. దస్తావేజు, దరఖాస్తు పారసీవి. 'అసలు' అన్న మాటకు అరబ్బీలో వేరు, మూలం అని అర్థం. వడ్డీ కొమ్మ అయితే అసలు వేరు అన్న భావన ఆ మాటలోనే ఉంది. రెండవది సంస్కృతపు పొర: క్రయం, విక్రయం, భోగ్యం, స్వాధీనం, ఋణం. ఇవి తెలుగులోనూ కన్నడంలోనూ అచ్చంగా ఒకేలా ఉంటాయి కనుక ఒకే అర్థంలో వాడుతున్నారని భ్రమ కలుగుతుంది. మూడవది దేశీయపు పొర. తెలుగు వడ్డీ, కన్నడ బడ్డి రెండూ సంస్కృత 'వృద్ధి' నుంచి ప్రాకృతం మీదుగా వచ్చి ఇంటి మాటలైపోయాయి. తెలుగు వకారానికి కన్నడంలో బకారం రావడం మన విద్యార్థులకు తెలిసినదే.

తనఖా అన్న మాట కొంచెం ఆగి చూడదగింది. హిందీ ఉర్దూలలో ఈ మాటకు జీతమని అర్థం. మొగలు పాలనలో ఒక ప్రాంతపు రాబడిని ఉద్యోగికి జీతం కింద అప్పగించే ఏర్పాటుకు ఈ పేరుండేది. రాబడి ఒకరికి అప్పగించడం అన్న భావం ఉత్తరాన జీతంగా స్థిరపడితే, తెలుగులో ఆస్తిని అప్పుకు కట్టుబెట్టడంగా స్థిరపడింది. ఇదే పనికి మన వైపు తాకట్టు, కుదువ, అడమానం, గిరవి, రహను అన్న మాటలూ ఉన్నాయి. బంగారానికి కుదువ, గిరవి ఎక్కువగా వినిపిస్తాయి. భూమికి తనఖా, అడమానం. కన్నడంలోనూ అడమాన, గిరవి ఉన్నాయి.

ఇక పహణి దగ్గరికి వద్దాం. తెలంగాణలో పహాణీ అనీ, కోస్తా రాయలసీమల్లో అడంగల్ అనీ పిలిచే సాగు దాఖలాకు కర్ణాటకలో పహణి అని పేరు. ఆర్‌టీసీ అని కూడా అంటారు. హక్కులు, కౌలుదారీ, పంటల దాఖలా అని ఆ పొట్టి పేరుకు అర్థం. 2000 ప్రాంతాల్లో కర్ణాటక ప్రభుత్వం 'భూమి' అన్న పథకం కింద వీటిని కంప్యూటరులోకి ఎక్కించింది. అంతకు ముందు చేతిరాత పహణి మాత్రమే ఉండేది.

చంద్రబండలో ఒక కుటుంబానికి కొంత చెలక ఉందనీ, పహణిలో విస్తీర్ణం గడిలో 2.20 అని ఉందనీ అనుకుందాం. కర్ణాటకలోనూ తెలంగాణలోనూ ఎకరానికి 40 గుంటలు. కనుక అది 2 ఎకరాల 20 గుంటలు, అంటే రెండున్నర ఎకరాలు. తుంగభద్ర దాటి కర్నూలు జిల్లాలోకి వెళితే లెక్క ఎకరాలు, సెంట్లలో ఉంటుంది. ఎకరానికి 100 సెంట్లు. అక్కడి బంధువు ఈ కాగితం చూసి 2 ఎకరాల 20 సెంట్లు అని చదివితే 30 సెంట్లు, అంటే 12 గుంటలు, మాటల్లోనే మాయమవుతాయి. అన్నదమ్ముల పంపకంలో ఒకరు రాయచూరులోనూ ఒకరు ఆదోనిలోనూ ఉంటే ఇది చిన్న సంగతి కాదు. గుంట 121 చదరపు గజాలు, సెంటు 48.4 చదరపు గజాలు అన్న రెండు అంకెలు గుర్తుంటే ఎక్కడైనా సరిచూసుకోవచ్చు. విస్తీర్ణం దగ్గరే 'ఖరాబు' అని మరొక మాట ఉంటుంది. పాడైన భూమి అని కాదు, సాగు లెక్కలోకి రానిది అని. అందులో 'అ' ఖరాబు, 'బ' ఖరాబు అని రెండు రకాలు. బండలు, రాళ్లతో సాగుకు పనికిరాక రైతు భూమిలోనే ఉన్నది మొదటిది. దారి, వాగు వంటి ప్రజావసరాలకు విడిచినది రెండవది. రెండవదాన్ని అమ్మినా కొన్నా చెల్లదు. భూమి రకం చెప్పే ఖుష్కి, తరి అన్న మాటలు పారసీవి: ఎండినది, తడిసినది. మన మెట్ట, మాగాణి అవే.

తొమ్మిదవ గడిలో స్వాధీనదారు పేరు ఉంటుంది. పాత కాగితాల్లో కబ్జేదారు అని కూడా కనిపిస్తుంది. ఈనాటి తెలుగు పత్రికలు కబ్జా అనగానే దౌర్జన్యంగా ఆక్రమించడం అన్న అర్థానికి అలవాటుపడ్డాయి. తన తాత పేరు కబ్జేదారుగా కనబడితే మనవడు సిగ్గుపడనక్కరలేదు. అరబ్బీలో ఆ మాటకు పట్టు, స్వాధీనం అనే అర్థం. పదకొండవ గడిలో ఇతర హక్కులు, ఋణాలు ఉంటాయి. బ్యాంకు పంట అప్పు ఇచ్చినప్పుడు ఆ సంగతి ఎక్కేది ఇక్కడే. భూమి కొనేవారు చాలామంది పేరు గడి చూసి ఊరుకుంటారు. పదకొండవ గడి చూడకపోవడం కొనుగోళ్లలో జరిగే పొరపాట్లలోకెల్లా ఖరీదైనదని మా నమ్మకం. పన్నెండవ గడిలో సాగు, పంట వివరాలు. తెలంగాణలో 2020 చట్టంతో వచ్చిన ధరణిలో అనుభవదారు గడిని తీసేశారు. ధరణి స్థానంలో 2025 ఏప్రిల్‌లో భూభారతి వచ్చింది. కాబట్టి గద్వాల కాగితంలో ఒక గడి లేదంటే అది అచ్చుతప్పు కాకపోవచ్చు, ఆ కాగితం పుట్టిన సంవత్సరం చూడాలి.

పహణిలో పేరు ఉంటే భూమి తనదే అయిపోయిందన్న నమ్మకం ఊళ్లలో బలంగా ఉంది. కర్ణాటక భూరెవెన్యూ చట్టం, 1964 ప్రకారం ఆ నమోదును వ్యతిరేకంగా రుజువయ్యేదాకా నిజమని భావిస్తారు. 'రుజువయ్యేదాకా' అన్న మాటే కీలకం. పేరు మారడం, అంటే మ్యుటేషన్, శిస్తు ఎవరు కట్టాలో చెప్పడానికి ఉద్దేశించినదనీ, దానివల్ల యాజమాన్యం పుట్టదనీ సుప్రీంకోర్టు అనేక తీర్పుల్లో చెప్పింది. యాజమాన్యం కొనుగోలు వల్లనో, దానం వల్లనో, వారసత్వం వల్లనో వస్తుంది. పహణి దాన్ని ప్రతిబింబిస్తుంది. తండ్రి పోయిన తరువాత పిల్లల పేర్లు ఎక్కించడాన్ని ఇక్కడ 'పౌతి ఖాతె' అంటారు. పౌతి అన్నది మరణమనే అర్థం గల అరబ్బీ 'ఫౌత్' నుంచి వచ్చింది. తెలంగాణలో ఇదే పనికి విరాసత్ అనే మాట ఉంది. ఒక ఊళ్లో చావు పేరుతో, పక్క ఊళ్లో వారసత్వం పేరుతో పిలిచే పని ఒకటే.

కొనుగోలు మాటల్లో మొదటిది 'ఖరీది'. మనకు ఖరీదు అంటే ధర. కన్నడంలో ఖరీది అంటే కొనుగోలు. ఖరీది పత్రమంటే క్రయ దస్తావేజు, ధరల పట్టిక కాదు. రెండవ జంట బైనామా, బయానా. బైనామా అమ్మకపు పత్రం. బయానా అమ్మకానికి ముందు ఇచ్చే అడ్వాన్సు. తెలంగాణలో సాదా బైనామా అని తెల్ల కాగితం మీద రాసుకున్న అమ్మకాలు లెక్కకు మించి ఉన్నాయి, వాటిని క్రమబద్ధం చేయడం ప్రభుత్వాలకు పెద్ద పనైంది. స్థిరాస్తి విలువ 100 రూపాయలు, ఆ పైన ఉంటే అమ్మకం రిజిస్టరు దస్తావేజు ద్వారానే జరగాలని 1882 నాటి ఆస్తి బదలాయింపు చట్టం, 1908 నాటి రిజిస్ట్రేషను చట్టం చెబుతాయి. ఆ వంద రూపాయల హద్దు నేటికీ అంతే ఉంది, కనుక ఆచరణలో మినహాయింపు ఏదీ లేనట్టే.

'శుద్ధ క్రయపత్ర', 'క్రయద కరారు పత్ర' అని కన్నడంలో రెండు శీర్షికలు కనిపిస్తాయి. మొదటిది అమ్మకం, రెండవది అమ్ముతానన్న ఒప్పందం. రెంటిలోనూ క్రయం అన్న మాట ఉంది. పూర్తి డబ్బు ఇచ్చి, పొలంలో నాగలి పెట్టి, చేతిలో మాత్రం కరారు పత్రం పెట్టుకొని నిశ్చింతగా ఉన్నవారున్నారు. కరారు వల్ల భూమి మీద హక్కు రాదు, అమ్మినవాడిని దస్తావేజు రాసివ్వమని కోర్టులో అడిగే హక్కు వస్తుంది. దానికి గడువు తేదీ నుంచి, గడువు రాయకపోతే అవతలివాడు నిరాకరించాడని తెలిసిన నాటి నుంచి మూడేళ్లే వ్యవధి. జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ కాగితంతో ఆస్తి చేతులు మారినట్టు కాదని సుప్రీంకోర్టు 2011లో సూరజ్ ల్యాంప్ కేసులో స్పష్టంగా చెప్పింది.

కొనేముందు తీసుకునే ఈసీకి కన్నడంలో 'ఋణభార ప్రమాణపత్ర' అని పేరు. అందులో రిజిస్టరైన లావాదేవీలే కనిపిస్తాయి. చేబదులు, రిజిస్టరు కాని కాగితం కనిపించవు. అందుకనే దాన్నీ, పహణి పదకొండవ గడినీ పక్కపక్కన పెట్టి చూడాలి.

'లావణి' సంగతి వేరు. రాయచూరు కన్నడంలో పొలాన్ని లావణికి ఇచ్చారంటే కౌలుకు ఇచ్చారని. గద్వాల వైపు లావుణి పట్టా అంటే 1950 నాటి హైదరాబాదు లావోణీ నియమాల కింద ప్రభుత్వం పేదలకు ఇచ్చిన భూమి. తెలంగాణలో అలాంటి అసైన్డు భూమి బదలాయింపును 1977 చట్టం నిషేధించింది. 'అది లావుణి భూమి' అన్న మాట విని కౌలు భూమి కాబోలు, కౌలుదారుతో మాట్లాడుకొని కొనవచ్చు అనుకున్న కర్ణాటకవాడు డబ్బు పోగొట్టుకుంటాడు. ఈ వైపు కూడా అలాంటి చట్టమే ఉంది: 1978 నాటి కర్ణాటక చట్టం షెడ్యూల్డు కులాలు, తెగలవారికి ప్రభుత్వం మంజూరు చేసిన భూమిని అనుమతి లేకుండా కొనడాన్ని చెల్లకుండా చేసింది. ఇక కౌలు మాటకొస్తే, 1974 మార్చి 1 నుంచి అమలైన సవరణలతో కర్ణాటక భూసంస్కరణల చట్టం సైనికుల వంటి కొద్దిమందికి తప్ప కొత్త కౌలును నిషేధించింది. కౌలు జరగడం మాత్రం ఆగలేదు. నోటిమాటగా జరుగుతుంది, కాగితం ఉండదు. పంట పోయినప్పుడు పరిహారం పేరున్నవాడికి వస్తుంది, విత్తిన వాడికి రాదు.

తనఖాల్లో రెండు రకాలు తెలుసుకోవలసినవి. మొదటిది భోగ్యం. అప్పు ఇచ్చినవాడు పొలం స్వాధీనం చేసుకొని పంట అనుభవిస్తాడు. అప్పు తీరగానే పొలం తిరిగి ఇవ్వాలి. బెంగళూరులో ఇంటి ముందు భోగ్యమన్న బోర్డు కనిపిస్తే, పెద్ద మొత్తం ముందుగా తీసుకొని నెల అద్దె లేకుండా ఇస్తారని. చంద్రబండ రైతుకు అదే మాట పొలం తనఖా. 'ముప్పై ఏళ్లు దాటింది, ఇక పొలం మాదే' అని భోగ్యదారు అనడం వింటూ ఉంటాం. భోగ్యపు తనఖాలో కేవలం రాసిన తేదీ నుంచి అంత కాలం గడిచినందువల్ల విడిపించుకునే హక్కు పోదని సుప్రీంకోర్టు 2014లో సింగ్ రామ్ కేసులో తేల్చింది. రెండవది షరతు క్రయం. కాగితం మీద అమ్మకం. గడువులోగా డబ్బు కడితే తిరిగి ఇస్తామన్న షరతు. ఆ షరతు అదే దస్తావేజులో ఉంటేనే చట్టం దాన్ని తనఖాగా చూస్తుంది. 1929 సవరణ తెచ్చిన నియమమిది. షరతును వేరే కాగితం మీద రాయిస్తే అది నిఖార్సయిన అమ్మకం అవుతుంది, గడువు దాటిన మర్నాడు పొలం పోయినట్టే. 'అన్నీ ఒకే దాంట్లో ఎందుకు, దీనికి వేరే కాగితం రాసుకుందాం' అని ఎవరైనా అన్నారంటే కారణం అడిగి తెలుసుకోవాలి.

వడ్డీ దగ్గర మాటకంటే లెక్క ముఖ్యం. మన పల్లెల్లో 'రెండు రూపాయల వడ్డీ' అంటే నూటికి నెలకు రెండు. అంటే ఏడాదికి 24 శాతం. బ్యాంకు చెప్పే 7 శాతం ఏడాదికి. ఏడు పెద్దదా రెండు పెద్దదా అన్న ప్రశ్న పిల్లల ఆట కాదు. 50,000 రూపాయలకు రెండు రూపాయల వడ్డీ ఏడాదికి 12,000. ఏడు శాతం వడ్డీ 3,500. మూడేళ్లకు బారువడ్డీ అయితే అసలు వడ్డీ కలిసి 86,000, ఏటేటా కలిపే చక్రవడ్డీ అయితే 95,000 దాటుతుంది. పంట అప్పుల మీద కేంద్ర ప్రభుత్వపు రాయితీతో, మూడు లక్షల లోపు అప్పుకు, వేళకు కట్టినవారికి పడేది 4 శాతమే. వాయిదాల అప్పుల్లో మరో చిక్కు ఉంది. 60,000 తీసుకొని ఏడాదికి '12 శాతం' చొప్పున 7,200 వడ్డీ కలిపి నెలకు 5,600 కడితే, అసలు నెలనెలా తగ్గుతున్నా వడ్డీ మాత్రం మొదటి అసలు మీదే కట్టినట్టు. తగ్గుతున్న అసలు మీద లెక్కేస్తే అది 21 శాతం పైమాటే. ఏ అసలు మీద వడ్డీ అన్న ఒక్క ప్రశ్న అడిగితే ఈ సంగతి బయటపడుతుంది. కర్ణాటకలో అధిక వడ్డీని నిషేధిస్తూ 2004లో ఒక చట్టమూ, చిన్న అప్పుల వసూలులో దౌర్జన్యాన్ని అరికట్టడానికి 2025లో మరొక చట్టమూ వచ్చాయి.

ప్రామిసరీ నోటు మీద దావా వేయడానికి మూడేళ్ల గడువు. ఆ గడువు దాటితే నోటుకు కాలదోషం పట్టిందంటాం. చక్కని తెలుగు మాట, మరే భాషలోనూ ఇంత అందంగా లేదని మేము అనుకుంటూ ఉంటాం. అయితే గడువు లోపల బాకీదారు కొంత డబ్బు కట్టి, నోటు వెనక తన సంతకంతో చెల్లు రాస్తే, ఆ రోజు నుంచి మళ్లీ మూడేళ్లు మొదలవుతాయి. 'ఒక వంద ఇచ్చి చెల్లు వెయ్యి, పండగకు కదా' అని అప్పిచ్చినవాడు మూడో ఏట అడిగాడంటే ఆయన కోరుకున్నది ఆ వంద కాకపోవచ్చు. ఖాళీ నోటు మీద సంతకం చేసి ఇవ్వడం ఇంకా ప్రమాదం. స్టాంపు ఉన్న ఖాళీ కాగితం మీద సంతకం చేసి ఇస్తే, పట్టుకున్నవాడికి అందులో మొత్తం నింపుకునే అధికారం ఇచ్చినట్టు 1881 నాటి చట్టం భావిస్తుంది. చెక్కు తిరిగి వస్తే 1989 ఏప్రిల్ నుంచి నేరం కూడా. నోటీసు అందిన 15 రోజుల్లోగా డబ్బు కట్టేస్తే కేసు ఉండదు.

జమీను, జామీను అన్న మాటల మధ్య ఒక దీర్ఘం మాత్రమే తేడా. కన్నడంలో జమీను భూమి, జామీను పూచీ. మొదటిది పారసీ, రెండవది అరబ్బీ, పుట్టుకలో సంబంధం లేదు. అయితే రెండవది మొదటిదాన్ని తినివేయగలదు. అప్పు పత్రంలో సాక్షి సంతకం వేరు, జామీనుదారు సంతకం వేరు. సాక్షి చూశానని చెబుతాడు, అంతటితో సరి. జామీనుదారు బాధ్యత బాకీదారు బాధ్యతతో సమానమని 1872 నాటి కాంట్రాక్టు చట్టం 128వ సెక్షను. ముందు బాకీదారు దగ్గర వసూలు చేసుకొని, మిగిలితేనే జామీనుదారు దగ్గరికి రావాలన్న నియమమేదీ లేదని సుప్రీంకోర్టు 1969లోనే చెప్పింది. 'ఊరికే సంతకం మామా, పేరుకు' అని మేనల్లుడు తెచ్చిన కాగితంలో మామ పేరు ఏ మాట పక్కన ఉందో చూడాలి. కన్నడంలో సాక్షి అన్న మాట మనదే, గుర్తుపట్టడం సులువు. జామీనుదార అని ఉంటే అది సాక్షి కాదు.

ఇక 'హక్కు బిడుగడె పత్ర'. బిడుగడె అంటే విడుదల. హక్కు విడుదల దస్తావేజు. ఇంటి ఆడపడుచులతో ఎక్కువగా సంతకం చేయించేది దీనిమీదే. ఇక్కడ సరిహద్దు మరీ విచిత్రంగా పనిచేసింది. ఉమ్మడి ఆస్తిలో కూతురికి కొడుకుతో సమానంగా పుట్టుకతో హక్కు ఇస్తూ ఆంధ్రప్రదేశ్ చేసిన సవరణ 1985 సెప్టెంబరు 5 నుంచి వర్తించింది. కర్ణాటక అలాంటి సవరణ తెచ్చింది 1994 జులైలో. రెండూ అప్పటికే పెళ్లయిన కూతుళ్లను మినహాయించాయి. 1990లో పెళ్లయిన ఇద్దరు అక్కచెల్లెళ్ల పిల్లల్లాంటి వారిని ఊహించండి: ఒకామె పుట్టిల్లు గద్వాలలో, రెండో ఆమెది చంద్రబండలో. మొదటి ఆమెకు రాష్ట్ర సవరణ వల్ల హక్కు ఉంది, రెండో ఆమెకు లేదు. మధ్య దూరం ఒక పూట ప్రయాణం కూడా కాదు. ఈ తేడాను 2005 సెప్టెంబరు 9న అమల్లోకి వచ్చిన కేంద్ర సవరణ తొలగించింది. ఆ తేదీ నాటికి తండ్రి బతికి ఉండాలా అన్న సందేహాన్ని సుప్రీంకోర్టు 2020 ఆగస్టులో వినీతా శర్మ కేసులో తీర్చింది: అక్కరలేదు, హక్కు పుట్టుకతోనే వస్తుంది. 2004 డిసెంబరు 20కి ముందే చట్టబద్ధంగా ముగిసిన పంపకాలను మాత్రం తిరగదోడరు.

కాబట్టి ఈనాడు పౌతి ఖాతెకని చెప్పి సంతకానికి పిలిచినప్పుడు, శీర్షికలో పౌతి ఉందా, బిడుగడె ఉందా అన్నదే ప్రశ్న. మొదటిదానిలో ఆమె పేరు ఎక్కుతుంది. రెండవదానిలో ఆమె హక్కు అన్నదమ్ములకు పోతుంది. ఇష్టపూర్వకంగా వదులుకోవడం ఆమె ఇష్టం. పసుపు కుంకుమల కింద ఏదో ముట్టజెప్పి వదిలించుకోవడమూ మనకు తెలిసినదే. తెలియక వదులుకోవడం వేరు.

దస్తావేజు చివర తెలుగులో 'చదివి వినిపించగా విని, సరిగా ఉన్నదని ఒప్పుకొని' అని ఒక వాక్యం ఉంటుంది. కన్నడంలోనూ అలాంటిదే ఉంటుంది. ఏ భాషలో వినిపించారో అందులో ఉండదు. రిజిస్ట్రేషను చట్టం 19వ సెక్షను ప్రకారం, దస్తావేజు భాష రిజిస్ట్రారుకు తెలియకపోయి, జిల్లాలో సామాన్యంగా వాడేదీ కాకపోతే, దానికి సరైన అనువాదం జతచేయాలి. అధికారికి తెలియకపోతే అనువాదం ఉండాలన్నారు గాని, సంతకం చేసేవారికి తెలియకపోతే ఏమి చేయాలో ఆ సెక్షను చెప్పదు. ఆడవారికీ, షెడ్యూల్డు కులాలు తెగలవారికీ ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయ సహాయం పొందే హక్కును 1987 నాటి చట్టం ఇచ్చింది. జిల్లా కోర్టు ఆవరణలోని న్యాయసేవల ప్రాధికారంలో అడగవచ్చు. కాగితాన్ని సంతకానికి ముందు తీసుకువెళ్లాలి. హెబ్బెట్టు, అంటే బొటనవేలి ముద్ర, పడ్డాక తీసుకువెళితే వారు చేయగలిగేది దావా వేయించడమే.